ఎక్కువ గడువున్నవాడికే తోట

సౌదీలోని ఖోబర్‌లో మా బిల్డింగు వెనక ఒక ఖాళీ జాగా ఉంది. పాత టైర్లు, విరిగిన సోఫాలు, పిల్లులు. విదేశీ కుటుంబాల మీద సర్కారు నెలకు తలకింతని వసూలు చేసే లెవీ మొదలయ్యాక బిల్డింగులో సగం ఇళ్లు ఖాళీ అయ్యాయి. మిగిలిన నాలుగైదు కుటుంబాలవాళ్లం కూర్చుని, పిల్లలు ఆడుకోవడానికి ఆ జాగాను తోట చేద్దామని తీర్మానించాం. తీర్మానాలు చేయడంలో మమ్మల్ని మించినవాళ్లు లేరు. పార పట్టడమే ఎవరికీ రాదు. జుబైల్‌లో మనవాళ్లు అలాంటి తోట పెంచారని కడప డ్రైవర్ మస్తాన్ చెప్పడంతో, చూసి రమ్మని నన్ను పంపారు.

మార్చిలో ఒక శుక్రవారం పొద్దున తొమ్మిదింటికి మస్తాన్ కారులో బయలుదేరాను. పోనూ రానూ నూట యాభై రియాళ్లు, దారిలో టీ అతనే తాగించాడు. దమ్మామ్ దాటి హైవే ఎక్కాక గంటకు పైగా ఇసుక, కరెంటు స్తంభాలు, అక్కడక్కడా ఒంటెలు. నిద్రపోతే నష్టమేమీ లేదని ముందే చెబుతున్నాను. "మన పక్క మామిడితోట మాదిరి ఉంటాదనుకోవద్దు సార్," అన్నాడు మస్తాన్. "ఈడ నాలుగు ఆకులు కనపడితే అదే తోట."

కార్మికులుండే మూడు ఇళ్ల మధ్య ఉంది ఆ తోట. జగిత్యాల వైపు నుంచి వచ్చిన పైపు ఫిట్టర్ రాజన్న మూడేళ్ల క్రితం చెత్త ఎత్తించి మొదలుపెట్టాడట. మెంతికూర, కొత్తిమీర, టమాటా మళ్లు, రెండు వేపచెట్లు, వాటి కింద పాత చెక్కలతో కొట్టిన బల్లలు. వేసవిలో ఏసీల నుంచి కారే నీళ్లు డ్రమ్ముల్లో పడేలా గొట్టాలు పెట్టారు. మిగతా నెలల్లో బకెట్లతో మోయాల్సిందే. సాయంత్రమైతే బంగ్లాదేశీలు, పాకిస్తానీలు కూడా అక్కడే కూర్చుని ఇంటికి ఫోన్లు చేసుకుంటారు.

మొక్కల గురించి అడగడానికి నేను ఎంచుకున్న రోజు బాగోలేదు. రాజన్న పనిచేసే కంపెనీ, ఉండాల్సినంతమంది సౌదీ ఉద్యోగులు లేక, సర్కారువారి నితాకత్ లెక్కలో ఎరుపు రంగులో పడింది. అలాంటి కంపెనీలకు పర్మిట్లు పొడిగించరు. అతని ఇఖామా, అంటే ఇక్కడ ఉండనిచ్చే పర్మిట్, రెన్యూ కాలేదు, స్పాన్సర్ చేసే వేరే కఫీల్ దొరకలేదు. ఆదివారం ఎగ్జిట్ వీసా మీద ఇక్కడి పని ముగించుకుని ఇంటికి వెళ్లిపోతున్నాడు. జాగా యజమాని ఒక సౌదీ పెద్దాయన, రాజన్నను నమ్మి నోటిమాటతో ఇచ్చాడు. రాజన్న తర్వాత పూచీ పడే మనిషెవరో చెప్పకపోతే బుల్డోజర్ పెట్టి చదును చేయిస్తానన్నాడట. జుమా నమాజు అయ్యాక ఆ పేరు వినడానికే వస్తున్నాడు.

మస్తాన్ నమాజుకు వెళ్లాడు. రాజన్న, ఆ మూడు ఇళ్ల మనవాళ్లు, నేను పక్కనే ఉన్న మెస్‌లో పది రియాళ్ల భోజనానికి కూర్చున్నాం. మెంతికూర పప్పు తోటదే, బాగుంది. పూచీ మాట ఎత్తగానే అందరూ కంచాల్లోకి చూశారు. ఎవరి ఇఖామా ఎప్పుడు పోతుందో తెలియనప్పుడు పేరెవరిస్తారు?

"రూముల వంట ఎట్ల జేస్తున్నం? వంతులేసుకోనే గద," అన్నాడు మెస్ వంటాయన సత్తయ్య. "తోటకు గూడ గట్లనే. ఎవల ఇఖామా ఎక్కువ దినాలుంటే ఆయనదే మొదటి వంతు."

అందరూ ఫోన్లు తీసి గడువు చూసుకున్నారు. ఒకరికి ఇరవై రోజులు, ఇంకొకరికి రెండు నెలలు. అందరికంటే ఎక్కువ గంగారాంకు, పది నెలలు. ఈ గంగారాం మూడేళ్లలో ఒక్క బకెట్ మోసిన పాపాన పోలేదట. పైగా, పోయేటోళ్లకు తోటెందుకని ఎగతాళి చేసేవాడట. అందరూ గొల్లున నవ్వారు. రాజన్న నవ్వలేదు.

"నా చేతిల పడ్డది ఏదన్న బతికిందా? నా జోలికి రాకుండ్రి," అన్నాడు గంగారాం.

"పొద్దుగాల ఇన్ని నీళ్లు పోస్తె సాలు. దానికి చేతి చలువ అక్కర లేదు." రాజన్న కంచం పక్కకు జరిపాడు. "గా బుల్డోజర్ బండి రాకుంట జూడు గంగారాం. గంతే అడుగుత."

గంగారాం లేచి చెయ్యి కడుక్కున్నాడు. యజమాని వచ్చినప్పుడు మాత్రం అందరికంటే ముందుకెళ్లి, ఛాతీ మీద చెయ్యేసుకుని "అనా, అనా" అన్నాడు. నేనే అని. పెద్దాయన అతన్ని ఎగాదిగా చూసి, తలూపి, నాలుగు టమాటాలు కోసుకుని వెళ్లిపోయాడు. రాజన్న వేపచెట్టు వెనక్కి వెళ్లి ఏడ్చాడు. నాకు చాలా బాధేసింది, టమాటాలు చూస్తూ నిలబడ్డాను.

ఖోబర్ వచ్చాక మేమూ గడువులు చూసుకున్నాం. అందరిలోకి ఎక్కువ నాదే, పదకొండు నెలలు. అలా తోట నాకు వచ్చింది. లెవీ కట్టలేక మా ఆవిడనీ పిల్లల్నీ వచ్చే నెల ఇంటికి పంపించేస్తున్నాను. మిగతా ఇళ్లలోనూ అదే మాట నడుస్తోంది. పిల్లల కోసం అనుకున్న తోటకు నీళ్లు పోయడానికి మగవాళ్లమే మిగులుతాం. అయినా నిన్న టైర్లు ఎత్తించాం. ఆపాలని అనిపించలేదు.

మీరూ ఇలాంటిది మొదలుపెట్టాలనుకుంటే పార కొనేముందు జాగా యజమాని మాట తీసుకోండి. ఆ మాట ఇద్దరి పేరున తీసుకోండి. ఇక్కడ ఒక్క మనిషి పేరు సరిపోదు.