మునిగే లాంచీలో కీర్తన

దేవసహాయం పేరు ఎవరెత్తినా నేను తల వంచుకుంటాను. ఇన్నేళ్ళుగా చూసేవాళ్ళు దాన్ని గౌరవం అనుకుంటున్నారు. లోపల మోస్తున్నది ఏమిటో మా ఇంట్లోవాళ్ళకి కూడా తెలియదు. మీరెవరో నాకు తెలియదు కాబట్టి మీకు చెప్పగలుగుతున్నాను.

డెబ్భైల చివరి సంగతి. కాగితాలు లేనివాళ్ళని బొంబాయి వైపు నుంచి లాంచీల్లో తెచ్చి దుబాయ్‌కి అవతలి తీరాన కల్బా దగ్గర ఒడ్డున దింపేవాళ్ళు. అలాంటి లాంచీలోనే నేనూ దేవసహాయం దుబాయ్‌కి బయల్దేరాం. ఇద్దరిదీ నెల్లూరు దగ్గర ఒకే ఊరు. ఆయన తాపీమేస్త్రీ, నాకన్నా పెద్ద. చర్చిలో కంజీర వాయిస్తూ కీర్తనలు పాడేవాడు. దారి పొడవునా ఆయన పాటే మాకు కాలక్షేపం. కడప సాయిబులు, మలయాళీలు, కరీంనగర్ వాళ్ళు, అందరూ తాళం వేసేవాళ్ళు.

కొండలు కనిపించిన ఉదయమే లాంచీ అడుగు చెక్క విడిపోయింది. తోడినకొద్దీ నీళ్ళు వస్తున్నాయి. నాకు హిందీ వచ్చు. లాంచీ నడిపే సరంగు మాటలు మనవాళ్ళకి తెలుగులో చెప్పేది నేనే. అతను నన్ను వెనక్కి పిలిచాడు. లాంచీ నిలవదన్నాడు. వెనక కట్టిన చిన్న పడవలో తన మనుషులు పోను ఇంకొక్కడికే చోటుందనీ, జనాన్ని కదలకుండా కూర్చోబెడితే ఆ చోటు నాదేననీ చెప్పాడు. నేను ఆలోచించానా? ఆలోచించానని చెప్పుకుంటే కాస్త మర్యాదగా ఉంటుంది. లేదు. నేరుగా దేవసహాయం దగ్గరికి వెళ్ళాను.

"అన్నా, ఇంకో లాంచీ వస్తోంది. అందరూ ఒక పక్కకి లేస్తే తిరగబడిపోతాం. నువ్వు పాడు, కూర్చుంటారు."

"నిజంగా వస్తోందా?"

"వస్తోందన్నా."

ఆయన కంజీర తీశాడు. సమాధి దగ్గర పాడే కీర్తన ఎత్తుకున్నాడు. నా మాట నమ్మలేదేమోనని చాలాకాలం తర్వాత తట్టింది. లేవబోయినవాళ్ళు కూర్చున్నారు. నేను వెనక నుంచి పడవలోకి దిగాను. తాడు విప్పుతుంటే ఆయన తల తిప్పి నన్ను చూశాడు. పాట ఆపలేదు. ఆపి అరిచుంటే జనమంతా ఆ పడవ మీద పడేవాళ్ళు. ఎందుకు అరవలేదు? వాళ్ళ కోసమా, నా కోసమా? ఈ ప్రశ్నతోనే ముసలివాణ్ణయ్యాను.

లాంచీ ఒరిగింది. పాట ఎక్కడ ఆగిందో నాకు తెలియదు. నేను ఒడ్డు వైపే చూస్తూ కూర్చున్నాను. కల్బా జాలరులు కొందరిని నీళ్ళలోంచి లాగారు. వాళ్ళలో దేవసహాయం లేడు, నా మాట అర్థమయ్యే తెలుగువాళ్ళు ఒక్కరూ లేరు. నన్ను కాదనే సాక్షి లేడు.

దుబాయ్‌లో కూలీల క్యాంపులో అడిగినవాళ్ళకి ఆయన తనంతట తానే పాట మొదలుపెట్టాడని చెప్పాను. ఆ కథ ఊరు చేరింది. సెలవుకి వెళ్ళినప్పుడు ఆయన భార్య మరియమ్మ చర్చిలో నాచేత మళ్ళీ చెప్పించింది. చివరిదాకా ఆయన పక్కన ఉన్నానని నా చేతులు కళ్ళకద్దుకుంది. నేను ఆ చేతులు వెనక్కి లాక్కోలేదు.

నిజం చెబితే ఆమెకున్న ఆ కాస్త ఓదార్పూ పోతుందని నాకు నేనే సాకు చెప్పుకున్నాను. నా అబద్ధం బయటపడితే ఆయన ధైర్యానికి వచ్చే లోటేముంది? పోయేది నా పరువు. ఇప్పుడు మరియమ్మ కూడా లేదు. మన్నించమని అడగడానికి ఎవరూ మిగల్లేదు, మిగిలినా అడిగే ముఖం నాకు లేదు. ఒక్కసారి నా నోటితో నేను అనాలి, అంతే.

ఇంకో లాంచీ లేదు. లేదని నాకు తెలుసు. పాడమన్నది నేనే.