విండ్ టన్నెల్ చూసి కాలేజీ ఖాయం చేసిన నా తమ్ముడు

నిన్న పొద్దున ఎమ్మిగనూరు నుంచి మరదలు ఫోన్ చేసి, "వదినా, మీ తమ్ముడు లేడు" అంది.

"యాడికి పోయినాడు?" అని అడిగాను.

ఆమె ఏడ్చేదాకా నాకు అర్థం కాలేదు.

మగ్గం దగ్గర కూర్చున్నవాడు కూర్చున్నట్టే ఒరిగిపోయాడట. హాస్పిటల్‌కు చేర్చేలోపే అయిపోయింది.

ఆదోనిలో బస్సెక్కి, వస్తున్నానని చెప్పడానికి వాడి నంబరే నొక్కాను.

నా తమ్ముడు రాఘవ గురించి ఒక్కటి చెప్పాలి.

వాడి కూతురు హారికకు ఏరోస్పేస్ ఇంజనీరింగ్ చదవాలని పట్టుదల. వాడికేమో కర్నూలులో కంప్యూటర్స్‌లో చేర్పిస్తే ఆదివారమైనా ఇంటికొస్తుందని ఆశ. నేను కాలేజీలన్నింటికీ టేబుల్ వేసి ఇచ్చాను. ల్యాబ్స్, ఫ్యాకల్టీ, హాస్టల్, దూరం.

"అక్కా, సూడకుండా వంకాయలే కొనవు నువ్వు. కాలేజీ కొంటావా?" అని నవ్వాడు.

అందుకని ముగ్గురం బెంగళూరు వెళ్లాం.

మొదటి కాలేజీ గేటు దగ్గర పాత విమానం ఒకటి నిలబెట్టారు. వీడు దాని కింద నిలబడి ఒకటే ఫోటోలు. "ఇదే బాగుందిలే."

"నాయనా, అది ఎగరదు. రా పోదాం" అంది హారిక.

రెండో కాలేజీలో విండ్ టన్నెల్ చూపించారు. పెద్ద గొట్టంలో చిన్న విమానం బొమ్మ పెట్టి, దాని మీదికి గాలి వదిలి పరీక్షిస్తారు. ఆన్ చేయగానే గదంతా హోరు.

మగ్గం గదిలో ఎండాకాలం కూడా ఫ్యాన్ వేయనిచ్చేవాడు కాదు వాడు. గాలికి పోగులు ఆరి తెగుతాయని.

"మనం గాలంటే బయపడి బతికితిమి. ఈళ్లు గాలి కోసం ఇల్లే కట్టినారు సూడక్కా" అన్నాడు.

తర్వాత బిడ్డ వైపు చూశాడు. అది గొట్టానికున్న అద్దానికి ముక్కు ఆనించి నిలబడి ఉంది. పిలిచినా పలకలేదు.

"ఈడే సేర్పిద్దాం" అన్నాడు. అంతే.

సీటు వచ్చింది. ఈ సోమవారం లోపల హారిక స్వయంగా వెళ్లి చేరాలి.

నిన్న మట్టి చేసి వచ్చాక మా పెద్దనాన్న చెప్పాడు. "పదకొండోనాడు పెద్దదినం అయ్యేదాకా పిల్ల గడప దాటకూడదు. సదువు యాడికీ పోదు. వచ్చే ఏడు సూద్దాం."

వచ్చే ఏడు అంటే ఏమిటో మన ఇళ్లలో ఆడపిల్లలకు తెలుసు.

కాలేజీకి ఫోన్ చేశాను. గడువు పెంచడం కుదరదన్నారు.

వెళ్తావా అని హారికను అడిగాను.

"నాయన లేడు గదత్తా. అమ్మను ఎవరికాడ ఇడిసిపెట్టి పోవల్ల?"

మరదలు గోడ వైపు తిరిగి పడుకుని ఉంది.

రాఘవా, పెద్దనాన్నకు ఎదురు చెప్పగలిగినవాడివి ఈ ఇంట్లో నువ్వొక్కడివే. పొద్దున్నుంచి రెండుసార్లు ఆయన ముందుకు వెళ్లాను. మజ్జిగ ఇచ్చి తిరిగి వచ్చాను.

నీ బిడ్డను నేను తీసుకుపోతానని ఇక్కడ రాసి నీకు మాట ఇవ్వాలని ఉంది.

రాయలేకపోతున్నాను.

వెళ్లిరా తమ్ముడూ. నీకైనా నెమ్మది దొరకాలి.