కాస్త కాలు తీయండమ్మా

నాకు పాఠం చెప్పే జబ్బు ఉంది. తెనాలిలో ఇరవై ఏళ్లుగా ఇంటర్ పిల్లలకు ఫిజిక్స్ చెబుతున్నాను. క్లాసులో చెప్పింది చాలక పెళ్లిళ్లలో, బస్సుల్లో, మంగలి షాపులో కూడా చెబుతాను. ఎదుటివాళ్లు తల ఊపితే చాలు, కడుపు నిండిపోతుంది. ఈ సంగతి ముందే చెప్పేస్తున్నాను. సూర్యలంకలో నేను చేసినదానికి తప్పంతా మిషన్ మీదికి నెట్టేద్దామని చాలాసార్లు చూశాను, కుదరలేదు.

ఆ మిషన్ మెటల్ డిటెక్టర్. పొడవాటి కర్రకు చివర పళ్లెం లాంటిది ఉంటుంది. ఇసుక మీద ఊపుకుంటూ నడిస్తే, కింద లోహం ఉన్నచోట కుయ్యిమంటుంది. పిడి దగ్గర చిన్న తెర మీద అంకె పడుతుంది. ఆ అంకెను బట్టి ఇనుమో, రాగో, బంగారమో ఊహించవచ్చు. తొమ్మిదో తరగతి చదివే మా అమ్మాయి సెల్‌ఫోన్ వదలడం లేదని, ఆదివారాలు ముగ్గురం కలిసి ఏదైనా చేద్దామని ఆన్‌లైన్‌లో తెప్పించాను.

"ఊరందరిదీ ఒక దారైతే ఉలిపికట్టెది ఒక దారి" అని మా ఆవిడ నవ్వింది. అయినా పొద్దున్నే ఇడ్లీలు కట్టి కారెక్కేది. బాపట్ల దాటి సముద్రపు గాలి తగలగానే అమ్మాయి ఫోను సంచిలో పడేసేది. నేను మిషన్ ఊపేవాణ్ణి, అమ్మాయి తవ్వేది, ఆవిడ జల్లెడ పట్టేది. సీసా మూతలు, మేకులు, వలలకు కట్టే సీసపు గుళ్లు, ఒకసారి పది రూపాయల బిళ్ల దొరికాయి. కొండను తవ్వి ఎలుకను పట్టడమంటే ఇదేనని ఆవిడ ఎగతాళి చేసేది. ఆ ఆదివారాల్లో మేం చాలా సంతోషంగా ఉన్నాం. అది కూడా చెప్పాలి.

కార్తీకమాసంలో ఒక ఆదివారం. సముద్రస్నానాలకు వచ్చిన జనం మధ్యాహ్నానికి పలచబడ్డారు. ఒడ్డున ఒక కుటుంబం కంగారుపడుతూ కనిపించింది. ముప్పై ఏళ్ల కోడలి మెడలో గొలుసు కెరటంలో పోయిందట. భర్త మోకాళ్ల లోతు నీళ్లలో దిగి వెతుకుతున్నాడు. అత్తగారు తల పట్టుకుని కూర్చుంది. వాళ్లది రేపల్లె. మా ఆవిడ పుట్టిల్లూ రేపల్లే కావడంతో మాటలు కలిశాయి.

"మూడు కాసులమ్మా! పెళ్లికి మేం పెట్టిన గొలుసు. స్నానానికి దిగేటప్పుడు తియ్యవే అంటే వినలేదు" అంది అత్తగారు.

నాకు లోపల పండగలా అయింది. సిగ్గులేకుండా చెబుతున్నాను, అలాగే అయింది. ఆర్నెల్లుగా సీసా మూతలు ఏరింది ఇలాంటి రోజు కోసమే అనిపించింది.

"దిగులుపడకండమ్మా. సముద్రం ఏదీ ఉంచుకోదు. నేను తీసిస్తాను కదా" అన్నాను.

కోడలు కాస్త ఎగువన పొడి ఇసుకలో కూర్చుని ఉంది. "వద్దులెండి అన్నయ్యా, పోతే పోయింది. మీకెందుకు శ్రమ" అంది.

మొహమాటం అనుకున్నాను. గంటసేపు ఒడ్డంతా గాలించాను. తడి ఇసుకలో ఉప్పు వల్ల మిషన్ ఊరికే కూస్తుందని, దాన్ని ఎలా సర్దుకోవాలో ఆమె భర్తకు వివరంగా చెప్పాను కూడా. ఆయన తల ఊపాడు. ఆమె ఇంకోసారి వద్దంది. "ఎండలో మీ పిల్ల వాడిపోతోంది, వదిలేయండన్నయ్యా" అని మూడోసారి కూడా అంది. అన్నిసార్లు వద్దన్న మనిషి ముఖంలోకి నేను ఒక్కసారైనా సరిగా చూడలేదు.

అప్పుడు మా అమ్మాయి నా దగ్గరికి వచ్చి మెల్లగా అంది: "నాన్నా, ఆ ఆంటీ ఇందాకట్నుంచీ ఒకేచోట కాలితో ఇసుక కప్పుతోంది."

బుద్ధున్నవాడైతే అక్కడ ఆగిపోయేవాడు. నేను దాన్ని ఆనవాలుగా తీసుకున్నాను. గొలుసు నీళ్లలో కాదు, ఆమె కూర్చున్నచోటే జారి ఉంటుందని తేల్చేశాను. మిషన్ ఎత్తుకుని వెళ్లి ఆమె ముందు నిలబడ్డాను.

"కాస్త కాలు తీయండమ్మా."

ఆమె తీయలేదు. నా వంక చూసింది. బతిమాలుతోందని ఇప్పుడు తెలుస్తోంది.

"తియ్యవే, ఆయన అడుగుతుంటే!" అంది అత్తగారు.

తీసింది. మిషన్ కుయ్యిమంది. మా అమ్మాయి తవ్వితే జానెడు లోతులో గొలుసు దొరికింది. అత్తగారు రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టింది. అక్కడితో ఊరుకున్నా కొంత నయంగా ఉండేది. కానీ తెర మీద అంకె నాకు నచ్చలేదు. గొలుసు తిప్పి చూశాను. కొక్కెం దగ్గర పసుపు అరిగి, రాగి ఎర్రగా కనబడుతోంది.

"అయ్యో, దీనికోసమా ఇంత బెంగ! ఇది బంగారం కాదండి, వన్ గ్రామ్ పూత" అన్నాను గట్టిగా. వాళ్లను ఓదారుస్తున్నాననే అనుకున్నాను.

"బంగారం కాకపోవడమేంటండి?" అంది అత్తగారు.

నేను వివరించాను. అంకె చూపించాను, కొక్కెం చూపించాను. ఈసారి ఎవరూ తల ఊపలేదు. భర్త నీళ్లలోంచి వచ్చి గొలుసు అందుకుని భార్య వైపు చూశాడు. అత్తగారి ముఖంలో ఏడుపు పోయి ఇంకేదో వచ్చింది. అసలు గొలుసు ఏమైందో నాకు తెలియదు. పుట్టింటి అవసరానికి కరిగిందో, ఎవరి వైద్యానికి పోయిందో. సముద్రంలో వేస్తే తిరిగొస్తుందని భయపడి ఇసుకలో పూడ్చుకుందేమో. దాచుకోవడానికి ఆమెకు ఆ కాస్త ఇసుకే దొరికింది. దాన్నీ నేను తవ్వేశాను.

ఆమె లేచి, చీరకంటిన ఇసుక దులుపుకుని, "మీకు చాలా శ్రమ ఇచ్చానన్నయ్యా" అంది.

తిరుగుదారిలో, కారులో, పొన్నూరు దగ్గర మా ఆవిడ అంది: "దొరకలేదమ్మా అంటే మన సొమ్మేం పోయేదండీ?"

వెనక సీట్లోంచి అమ్మాయి, "నేనే చెప్పాను కదా నాన్నా" అని ఏడ్చింది. నా గొప్ప కోసం పసిదాని చేత ఆ గొయ్యి తవ్వించాను.

మిషన్ అటక మీద ఉంది. అమ్మాయి మళ్లీ ఫోను పట్టుకుంది, నేను ఏమీ అనడం లేదు. రేపల్లె వెళితే బజారులో తల ఎత్తి నడవలేను. మొన్న అక్కడ అత్తవారింట్లో భోజనాల దగ్గర మా బావమరిది అందరి ముందూ అడిగాడు: "ఏంటి బావగారూ, సూర్యలంకలో బంగారం ఏమన్నా దొరికిందా?"

"లేదయ్యా. ఏమీ దొరకలేదు" అన్నాను.

వడ్డిస్తున్న మా ఆవిడ చెయ్యి ఒక క్షణం ఆగింది. అమ్మాయి విస్తట్లోంచి తలెత్తి నా వంక చూసింది. ఆ అబద్ధం ఎంత సులువుగా వచ్చిందో ముగ్గురమూ విన్నాం.