ఒంటెకు హాజరు పడిన గురువారం

నా తలమీద మిగిలిన నాలుగు వెంట్రుకల మీద ఒట్టు. ఇందులో ఒక్క అక్షరం అబద్ధం లేదు.

దోహాలోని అల్ సద్‌లో మా ఆఫీసు. సర్వర్లు చూసుకునేది ఇద్దరం: నేనూ, నాకంటే బాగా చిన్నవాడైన ఒక గుంటూరు తమ్ముడూ. మా మలయాళీ మేనేజరు అల్ తుమామాలోని కొత్త బ్రాంచికి మారిపోతున్నాడు. ఆయన కుర్చీ నాదేననుకున్నాను. ఆయన మాత్రం ఏం అడగాలన్నా తమ్ముడి బల్ల దగ్గరికే వెళ్ళేవాడు. దోహా ఎండలో కూడా ఆ కుర్రాడి చొక్కా నలిగేది కాదు. అదింకో కడుపుమంట.

ఆ గురువారం కొత్త బ్రాంచిలో హాజరు యంత్రం మీద ఎంతమంది వేలు పెట్టినా మా లినక్స్ సర్వరుకు ఒక్క పేరూ చేరలేదు. తమ్ముడు భోజనానికి వెళ్ళాడు. ఇంతకన్నా మంచి సమయం దొరుకుతుందా? అడ్డుపడుతున్నది సర్వరుకు కాపలా కాసే ఫైర్‌వాలేనని నా అనుమానం. ఎవరిని రానివ్వాలో నియమాలున్న జోన్‌లోంచి సర్వరు వైరును తప్పించి, వచ్చినవాళ్ళందరినీ నమ్మే జోన్‌లో పడేశాను. తాత్కాలికంగానే సుమా! రీలోడ్ కొడితే పాత కాపలా మళ్ళీ వచ్చేస్తుంది. పేర్లు బిలబిలా వచ్చిపడ్డాయి.

"దేఖా సార్? హోగయా!" అన్నాను.

మేనేజరు మొదటిసారి నా భుజం తట్టాడు. ఆ భుజం దించబుద్ధి కాలేదు. పరీక్ష కోసం తీసిన తలుపును తీసినట్టే వదిలేసి కరక్ చాయ్‌కి బయల్దేరాను.

ఆ కాసేపట్లో లోపలికి ఏమేం దూరాయనుకున్నారు! పక్క క్లినిక్ ప్రింటరు, మా ఫ్లాట్‌లోని వాషింగ్ మెషీను, చివరికి ఓ పందెం ఒంటె మెడలోని ట్రాకరు. ఒంటెకు డ్యూటీ హాజరు పడింది. నాకేమో లేటు పడింది.

తిరిగొచ్చేసరికి తమ్ముడు సర్వరు ముందున్నాడు, వెనక మేనేజరు.

"జోన్ మొత్తం బార్లా తెరిచి చాయ్‌కి వెళ్ళావేంటన్నా?"

"జర టెస్ట్ చేసిన తమ్మీ. ఏమాయె?"

"టెస్ట్ మంచిదేలే, తప్పెక్కడుందో దానివల్లే తెలిసింది. ఆ యంత్రానికి కావాల్సిన ఒక్క పోర్టును మాత్రం శాశ్వతంగా తెరిచి రీలోడ్ కొట్టా. నువ్వు తీసినవన్నీ మూసుకున్నాయి."

పేర్లు మాత్రం ఆగకుండా వస్తూనే ఉన్నాయి. మేనేజరు తన కుర్చీని తమ్ముడి వైపు తోశాడు. "యల్లా, సండే సే యే తుమ్హారా" అన్నాడు. ఆదివారం నుంచి అది వాడిదన్నమాట.

అందరికంటే ముందు చప్పట్లు కొట్టింది నేనే. "నీకే దక్కాలె తమ్మీ" అంటూ కావలించుకున్నాను కూడా.

ఉన్న నాలుగు వెంట్రుకలూ రాలకముందే చెప్పేస్తాను. ఒంటె నిజం. వాషింగ్ మెషీనూ నిజమే. కల్పించింది ఆ చప్పట్లూ, ఆ కౌగిలింతా. నిజానికి ఆ కుర్చీ చక్రం ఒకటి వదులుగా ఉందని తెలిసీ చెప్పకుండా నిలబడ్డాను. ఎలా తెలుసంటారా? మేనేజరు లేనప్పుడల్లా అందులో కూర్చుని చూసుకునేవాణ్ణి.