ఆదెప్ప నేర్చిన రాత్రి మాటలు

కళ్యాణదుర్గం దగ్గరి పల్లె నుంచి వచ్చిన ఆదెప్ప దోహాలో ఒక ఆస్పత్రి వ్యాను నడుపుతాడు. సాయంత్రం డ్యూటీ ముగిసినవాళ్ళను ఇళ్ళ దగ్గర దింపేటప్పుడు వాళ్ళు చెప్పే చివరి మాట కోసం చెవి అటే వేసి ఉంచుతాడు. ఓల్డ్ ఎయిర్‌పోర్ట్ ఏరియాలో దిగే జర్మనీ డాక్టరమ్మ గుడ్ నైట్‌కు "గూటే నాఖ్ట్" అంటుంది. అల్ హిలాల్‌లో దిగే స్వీడన్ నర్సు "గు నట్" అంటుంది. సిగ్నల్ పడినప్పుడల్లా స్టీరింగు మీద వేళ్ళతో తడుతూ నైట్, నాఖ్ట్, నట్ అని గొణుక్కుంటాడు. "అన్నీ ఒక కడుపున పుట్టినట్లుండాయే" అని మీసం కింద నవ్వుకుంటాడు. చివరగా అల్ తుమామాలో దిగే డెన్మార్క్ నర్సు కిర్‌స్టెన్ మాత్రం తల ఊపి వెళ్ళిపోతుంది.

కిర్‌స్టెన్ తల్లి పోయిందనీ, ఆమె కడచూపుకు వెళ్ళలేకపోయిందనీ ఒకరోజు మిగతావాళ్ళు చెప్పారు. ఆ సాయంత్రం ఆమె దిగుతుంటే ఏమనాలో తోచక, తెలిసిన మాటలను బట్టి ఆమె భాషలో ఎలా అంటారో ఊహించి, "గుడ్ నాఖ్ట్, మేడం" అన్నాడు.

ఆమె ఆగింది. "మా భాషలో గో నాట్. ఫోన్ పెట్టేముందు అమ్మ అలాగే అనేది."

"గో నాట్" అన్నాడు మెల్లగా.

"ఇంకోసారి అనండి."

అన్నాడు. ఆమె కళ్ళు తుడుచుకుంది. "మీ ఇంట్లో ఏమంటారు?"

"మేము రాత్రి పేరెత్తం మేడం. 'పండుకోపో' అంటాం."

ఆమె రెండుసార్లు తడబడి, మూడోసారి సరిగ్గా పలికింది. "పండుకోపో, ఆదెప్పా."

తన పేరు ఆమెకు తెలుసని అతనికి అప్పుడే తెలిసింది.