ఒకే పేరుకు మూడు జవాబులు

ఆ స్కూలు వ్యాను డ్రైవరుకు పేరు పెట్టింది తాతగారు. అట్ట ఊడిన ఏదో పాత పుస్తకంలో కనబడిన పేరును, ఊళ్లో మరెవరికీ లేదన్న ఏకైక కారణంతో మనవడికి అంటగట్టి, ఆయన నిశ్చింతగా కన్నుమూశారు. మోయవలసింది మనవడు. బడిలో హాజరు పిలిచే మాస్టారు ఆ పేరు దగ్గర ఆగి, కళ్లజోడు సవరించుకొని, "ఇది పేరా, దగ్గుమందా?" అన్నారు. తరగతి మొత్తం పొట్ట చెక్కలయ్యేలా నవ్వింది. ఆనాటి నుంచి బడి విడిచేదాకా అతను "సీసా"గానే బతికాడు. పెళ్లయ్యాక భార్య "ఏమండీ" అని పిలవడం మొదలుపెడితే, అంత హాయైన పేరు లోకంలో లేదనిపించింది. వ్యానెక్కే పిల్లలకు అతను "మామ", వాళ్ల పెద్దలకు "డ్రైవరు". అసలు పేరు లైసెన్సు మీద, ప్లాస్టిక్ కవరు కింద, ఎండ తగలకుండా భద్రంగా ఉండేది.

అలాంటి పేరుకు ఒక్కసారిగా దశ తిరిగింది. ఇంటింటా చూసే ఓ టీవీ సీరియల్లో, బుగ్గన సొట్ట పడే కథానాయకుడికి ఎవరో అదే పేరు పెట్టారు. ఆ సీరియల్ సాగినన్నాళ్లూ పుట్టిన మగపిల్లలకు మరో పేరే దొరకనట్టయింది. పార్కులో ఒక తల్లి కేకేస్తే నలుగురు వెనక్కి తిరిగేవారు. ఆ పిల్లలు బడి ఈడుకు వచ్చేసరికి, అతని వ్యానులోనే ముగ్గురు తేలారు.

"మీదీ అదే పేరు కదా, చెప్పుకోరాదటండీ?" అంది భార్య.

"ఊరుకోవే. తెలిస్తే పిల్లలకు పేర్లు మార్చేస్తారు."

సాయంత్రం బడి వదిలాక, ప్రతి బిడ్డనూ పేరుపెట్టి పిలిచి, జవాబు విన్నాకే తాళం తిప్పడం అతని పద్ధతి. ఇన్నేళ్లలో ఒక్కరినీ వదిలి రాలేదు. తల్లులు నమ్మి పిల్లల్ని అప్పగించేది అందుకే. "పొట్టోడు, పొడుగోడు, కళ్లజోడోడు అని పిలువు బాబాయ్, ఏ గొడవా ఉండదు" అని తోటి డ్రైవర్లు సలహా ఇచ్చారు. అతను ససేమిరా అన్నాడు. పేరున్న పిల్లవాడికి మరో పేరు తగిలించే అధికారం ఎవరికీ లేదన్నది, సీసాగా బాల్యం గడిపినవాడి తీర్పు. పైగా, పైకి చెప్పుకోడు గానీ, ఆ పేరును వరుసగా మూడుసార్లు, వీధంతా వినబడేలా, ఎవరూ నవ్వకుండా పిలవగలగడం అతనికి మహా ఇష్టం. స్టీరింగు పట్టుకొని, ముందు అద్దంలోంచి వీధిని చూస్తూ, రాగం తీసినట్టు పిలిచేవాడు. వెనక నుంచి మూడు "ఉన్నా"లు వచ్చేవి.

ఒకనాడు "ఉన్నా"లు మూడూ వచ్చాయి గానీ, పిల్లలు ముగ్గురూ రాలేదు. పొడుగ్గా ఉండేవాడు సరదాకు రెండుసార్లు పలికాడు. వ్యాను కదిలిపోయేసరికి, కళ్లజోడు పెట్టుకునేవాడు ఇంకా బడి కుళాయి దగ్గర రంగుల కుంచెలు కడుక్కుంటున్నాడు. వాచ్‌మన్ ఫోను చేయగానే, పళ్ల డాక్టరైన వాడి తల్లి, ఎవరిదో నోరు తెరిపించింది తెరిపించినట్టే వదిలేసి పరుగెత్తింది.

మర్నాడు ఉదయం తల్లిదండ్రులు వ్యాను చుట్టూ మూగారు.

"నంబర్లు పెట్టవయ్యా. ఒకటి, రెండు, మూడు. చీకూ చింతా ఉండదు" అన్నాడు ఒక తండ్రి.

"నంబరు పిలిచినా ఇంకొకడు పలకొచ్చు సార్. తప్పు పేరుది కాదు, నాది. పిలిచాను గానీ తల తిప్పి చూడలేదు."

"ఏం, ఎందుకు చూడలేదు?" అంది డాక్టరమ్మ.

అతను జేబులోంచి లైసెన్సు తీసి ఆమె చేతిలో పెట్టాడు. "ఆ పేరు నాదీనమ్మా. పిలుస్తుంటే సంబరంగా ఉండేది. ఆ సంబరంలో పడిపోయాను."

ఎవరో కిసుక్కుమన్నారు. ఆ నవ్వు అతనికి చిన్ననాటి నుంచీ పరిచయమే. డాక్టరమ్మ మాత్రం నవ్వలేదు.

"మీ సంబరానికి మావాడు గేటు పట్టుకుని వెక్కివెక్కి ఏడ్చాడు. ఇకమీదట వీణ్ని నేనే తీసుకెళ్తాను."

ఆమె తిరిగిచ్చిన లైసెన్సును అతను జేబులో పెట్టుకున్నాడు.

ఆ సాయంత్రం నుంచే పద్ధతి మారింది. అతను సీటు దిగి, వెనక తలుపు దగ్గర నిలబడి, ఒక్కొక్కరి ముఖం చూస్తూ పిలవసాగాడు. "ఉన్నా" అంటే చెల్లదు. ఆ రోజు తనకు జరిగిన సంగతి ఒకటి చెప్పాలి. ఒకరికి బదులు మరొకరు ఇవ్వలేని సాక్ష్యం అది.

"నా పన్ను ఊగుతోంది మామా!"

"టీచరు ఊరికే నన్నే తిట్టింది మామా!"

"ఏం బాబాయ్, మీటింగు పెట్టావా?" అని తోటి డ్రైవర్లు ఎద్దేవా చేశారు. కళ్లజోడు పెట్టుకునేవాడు మానేశాక ఖాళీ అయిన కిటికీ సీటును ఎందరు అడిగినా అతను ఇవ్వలేదు.

కొత్త తరగతులు మొదలయ్యాయి. సీరియల్ ముగిసి చాలా కాలమైంది. కొత్తగా వ్యానెక్కిన చిన్నపిల్లల్లో ఆ పేరువాడు ఒక్కడూ లేడు. "ఇప్పుడెవరు పెడుతున్నారండీ, ముసలి పేరైపోయింది" అని ఒక తల్లి అతని ముఖం మీదే తేల్చేసింది. ముసలి పేరుగల పిల్లలు వ్యానులో ఇద్దరు మిగిలారు. ఇద్దరికీ పాలపళ్లే పూర్తిగా ఊడలేదు.

ఒక సాయంత్రం, బడి ముందున్న ఇరుకు వీధిలో, డాక్టరమ్మ స్కూటరు వ్యాను వెనకే ఇరుక్కుంది. అతను అప్పుడే పిలుపులు మొదలుపెట్టాడు. పేరు పిలిచాడు, ఒకడు మోకాలి దెబ్బ చూపించాడు. మళ్లీ పిలిచాడు, రెండోవాడు ఎక్కాల్లో గెలిచానన్నాడు. అతను తరువాతి పేరుకు వెళ్లబోయాడు.

"మామా, నన్ను పిలవలేదు!" స్కూటరు వెనక సీటు నుంచి కేక. "ఇవాళ నేను ఏనుగుకి రెక్కలు పెట్టా!"

ఆ పిల్లవాడిని పిలిచే హక్కు తల్లి ఇస్తేనే తనకుంటుంది. అతను ఆమె వంక చూశాడు.

"రోజూ ఇలా అందరి మొహాలూ చూస్తారా?"

"చూడందే తాళం ముట్టుకోనమ్మా."

"ఆలస్యమైపోదూ?"

"అవుతుందమ్మా. తిట్లూ పడుతున్నాయి."

ఆమె కిటికీ దగ్గర ఖాళీగా ఉన్న సీటును కాసేపు చూసి, బండి ఆపుచేసింది. "సరే. పిలవండి."

అతను వంగి, పిల్లవాడి ముఖంలోకి చూస్తూ, నెమ్మదిగా పిలిచాడు. వాడు స్కూటరు దిగి, సంచి ఈడ్చుకుంటూ వచ్చి, ఏనుగు సంగతి మొదటి నుంచీ చెప్పడం మొదలుపెట్టాడు. వెనక ఆగిన బళ్లు హారన్లు కొడుతూనే ఉన్నాయి. రెక్కలకు ఏ రంగు వేశాడన్న దగ్గరకు వాడింకా రాలేదు.