మామ గంట నొక్కే తీరు

మా మేనమామ పోయాడని ఆయన ఉండే పెరంబూరు నుంచి ఫోను వచ్చింది. అత్త దగ్గరికి వచ్చిన నాటి నుంచి నాకు కాలు నిలవడం లేదు. ఏడుద్దామని కూర్చుంటాను, అంతలోనే లేచి ఏదో ఒక తీగ సర్దుతుంటాను. ఆయన నేర్పిన పనే మరి. ఇవాళ నా పొట్ట గడుస్తున్నదీ ఆయన చేతి చలవే.

మామకు కొన్న వస్తువంటే నమ్మకం తక్కువ. చిప్పులోకి ప్రోగ్రాము ఎక్కించే సాధనాన్ని కూడా పాత కేబుళ్లతో ఒక సబ్బుపెట్టెలో తానే కట్టుకున్నాడు. అది మొరాయిస్తే నేను చిప్పును తిట్టేదాన్ని. "ఆగమ్మీ! ముందు రెండు బోర్డుల గ్రౌండు తీగ కలిసిందా చూడు. ఆనక తిట్టుకో," అనేవాడు. చిప్పును బోర్డులోంచి ఊడదీస్తానంటే ఒప్పుకునేవాడు కాదు. "ఆడ ఉండంగానే ఎక్కించాల. పీకేది ఎవుడైనా పీకుతాడు, పో!"

మా అత్తకు చెవులు వినబడవు, పెదాలు చూసి మాట పట్టుకుంటుంది. వాకిట్లో గంట నొక్కితే వంటింట్లో బల్బు వెలిగేలా ఆమె కోసం ఒక బోర్డు చేశాడు మామ. జేబులో తాళం ఉన్నా సరే, గంటే నొక్కేవాడు. ఒకసారి నొక్కిపట్టి, ఆపైన రెండుసార్లు టకటకా. ఆ వెలుగు చూసి అత్త, "వచ్చేసినాడు దొర," అంటూ కాఫీకి నీళ్లు పెట్టేది.

ఆయన పోయిన తర్వాత కరెంటు వస్తూ పోతూ ఆ చిప్పులో ప్రోగ్రాము చెడింది. బల్బు వెలిగింది వెలిగినట్టే ఉండిపోయింది. పాలవాడు తలుపు బాది బాది వెళ్లిపోయాడట. ఒంటరి మనిషి, ఎట్లా?

మామ ల్యాప్‌టాప్ తెరిచి సబ్బుపెట్టె తగిలించాను. చిప్పు కనబడలేదంటుంది. గ్రౌండు కలిసే ఉంది. తీగలు మార్చాను, పొట్టివి వేశాను. ఊహూఁ! ఏడుపూ కోపమూ ఒక్కసారే వచ్చాయి. అప్పుడు తట్టింది. చిప్పులో ప్రోగ్రాము వెళ్లే పిన్నుకే బల్బు తీగ కూడా ఉంది, సిగ్నల్‌ను అదే లాగేసుకుంటోంది. మామ ముందు ఆ తీగే తీసేవాడు.

చెయ్యి పెట్టబోతే అత్త పట్టుకుంది. "పెద్దకర్మ అయ్యేదాకా ఇంట్లో దీపం ఆర్పకూడదమ్మీ. అది ఆయన పెట్టింది."

నిదానంగా, నా పెదాలు కనబడేలా చెప్పాను. "ఆర్పకపోతే ఇంకెప్పుడూ పలకదత్తా."

చాలాసేపు బల్బునే చూసింది. తర్వాత తానే తీగ లాగేసింది. ఈసారి ప్రోగ్రాము ఎక్కింది.

తీగ మళ్లీ తగిలించి, పనిచేస్తుందో లేదో చూద్దామని వాకిట్లోకి వెళ్లాను. ఆలోచించకుండానే నా వేలు మామలాగే నొక్కింది. ఒకసారి పట్టి, రెండుసార్లు టకటకా.

లోపల గిన్నె కిందపడింది. అత్త పరుగున వచ్చి తలుపు తీసి, నన్ను దాటి, మెట్ల వైపు చూసింది.